"ఈఓఐ రాసిన ప్రతిసారీ ఎగ్జిట్ అవుతుంది": ఒక పాత కామెంట్ సరైన కోడ్‌ని తీసేయించిన కథ

మా హైపర్‌వైజర్ (ఒకే మెషీన్ మీద చాలా వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే ఒక గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టుండి మూగబోతోందని టికెట్ వచ్చింది. గెస్ట్ బతికే ఉంది, కన్సోల్‌లో టైప్ చేస్తే పలుకుతోంది, టైమర్ ఆడుతోంది, మిగతా డివైజులకి ఏమీ కాలేదు, ఈ ఒక్క కార్డు నుంచి మాత్రం ఇంటరప్ట్‌లు (నన్ను చూడు అని డివైజు సీపీయూకి పంపే సంకేతాలు) రావడం ఆగిపోయాయి. రీబూట్ చేస్తే బాగవుతుంది. ఒక్కోసారి గంటలో పోతుంది, ఒక్కోసారి రెండు రోజులు ఆడుతుంది. కార్డు పాస్‌త్రూలో (అసలు కార్డునే నేరుగా గెస్ట్‌కి) ఇచ్చింది, పాతది, ఎంఎస్ఐ (ఇంటరప్ట్‌ని మెమరీ రాతగా పంపే కొత్త పద్ధతి) లేదు, ఐఎన్‌టీఎక్స్ అనే పాత తరహా లైన్ మీద నడుస్తుంది, అంటే లెవెల్ ట్రిగ్గర్డ్ (డివైజు పని తీరేదాకా లైన్‌ని పట్టుకునే ఉంచేది) అన్నమాట. ఈ పని చేసేవాళ్ళకి ఇక్కడికే సగం కథ తెలిసిపోయి ఉంటుంది. మిగతా సగం ఒక కామెంట్ గురించి, నేను రాస్తున్నది దానికోసమే.

ముందు కాస్త నేపథ్యం, తెలిసినవాళ్ళు దాటేయండి. డివైజుల ఇంటరప్ట్‌లని సీపీయూలకి పంచేది ఐఓ ఏపిక్. అందులో మామూలుగా 24 పిన్‌లు, ఒక్కోదానికి 64 బిట్ల రీడైరెక్షన్ ఎంట్రీ. కింది 8 బిట్లు వెక్టర్ (ఇంటరప్ట్ నంబరు), బిట్ 15 ట్రిగ్గర్ మోడ్, బిట్ 14 రిమోట్ ఐఆర్ఆర్, ఏ సీపీయూకి పంపాలో చెప్పే డెస్టినేషన్ అన్నిటికన్నా పైనున్న 8 బిట్లలో. లెవెల్ ఇంటరప్ట్‌ని లోకల్ ఏపిక్ (ఒక్కో సీపీయూకి సొంతంగా ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్) తీసుకోగానే బిట్ 14 ఒకటవుతుంది. గెస్ట్ పని ముగించి ఈఓఐ (ఎండ్ ఆఫ్ ఇంటరప్ట్, పని అయిపోయిందన్న కబురు) రాసేదాకా అది అలాగే ఉంటుంది, ఉన్నంతసేపు ఆ పిన్ మీద ఇంకో ఇంటరప్ట్ కదలదు. ఈఓఐ కబురు ఐఓ ఏపిక్‌కి చేరకపోతే ఆ పిన్ పని అయిపోయినట్టే. పాస్‌త్రూ డివైజుకి ఇంకో తాళం కూడా ఉంది: హోస్ట్ (అడుగునున్న అసలు మెషీన్) తన వైపు లైన్‌ని మాస్క్ చేసి, అంటే మూసి, గెస్ట్ ఈఓఐ చేసిందని తెలిశాకే తీస్తుంది. కబురు ఒక్కటి పోతే రెండు తాళాలూ పడిపోతాయి.

కార్డు ఆగిపోయిన ఒక గెస్ట్‌ని రీబూట్ చెయ్యకుండా అలాగే ఉంచమని బతిమాలి, ఆ ఎంట్రీ డంప్ తీశాం. కింది 16 బిట్లు ఇలా ఉన్నాయి:

1110 0000 0101 0001

ఉండాల్సింది 1010 0000 0101 0001. వెక్టర్ 81, లెవెల్, యాక్టివ్ లో, అంతా సరే, ఎడమ నుంచి రెండో బిట్ ఒక్కటే తేడా. రిమోట్ ఐఆర్ఆర్ ఒకటి దగ్గర ఇరుక్కుంది. సరే, ఎవరో ఒక సీపీయూ ఇంకా హ్యాండ్లర్‌లోనే (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) ఉందేమో అని అన్ని వీసీపీయూల (గెస్ట్‌కి కనిపించే వర్చువల్ సీపీయూలు) ఐఎస్ఆర్, అంటే ఏ ఇంటరప్ట్‌లు ఇంకా నడుస్తున్నాయో చెప్పే రిజిస్టర్, చూశాం. ఎక్కడా 81 లేదు. గెస్ట్ దృష్టిలో ఆ ఇంటరప్ట్ ఎప్పుడో ముగిసింది, ఐఓ ఏపిక్ దృష్టిలో ఇంకా నడుస్తోంది. దానికితోడు ఎంట్రీలో డెస్టినేషన్ వీసీపీయూ 1 అని ఉంది, మా ట్రేస్‌లో మాత్రం ఆఖరి డెలివరీ వీసీపీయూ 0కి జరిగింది. ఈ తేడాని మొదటి రోజు చూసి కూడా వదిలేశాను, "ఆ తర్వాత మార్చుకుని ఉంటుందిలే" అనుకుని. మార్చుకుంది నిజమే. అసలు విషయం అక్కడే ఉంది.

గెస్ట్ చేసింది ఇది. వీసీపీయూ 0 మీద ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ నడుస్తూండగానే, లోడ్ సర్దుబాటులో భాగంగా, ఆ ఎంట్రీ పై 32 బిట్లు తిరగరాసి డెస్టినేషన్‌ని వీసీపీయూ 1కి మార్చింది. ఆ తర్వాత వీసీపీయూ 0 మీద ఈఓఐ రాసింది. ఇందులో గెస్ట్ తప్పేమీ లేదు, నిజమైన హార్డ్‌వేర్ మీద ఇది హాయిగా నడుస్తుంది, ఈఓఐ బ్రాడ్‌కాస్ట్ ఏ సీపీయూ నుంచి వచ్చినా ఐఓ ఏపిక్ వెక్టర్ చూసి బిట్ 14 దించేస్తుంది. మా దగ్గరే ఆ ఈఓఐ గాల్లో కలిసిపోయింది.

ఎందుకు కలిసిపోయిందంటే మా హోస్ట్‌లలో ఇంటెల్ ఏపిక్ వర్చువలైజేషన్ ఆన్‌లో ఉంది. దానితో గెస్ట్ రాసే ఈఓఐలు చాలావరకు హైపర్‌వైజర్ దాకా రావు, ప్రాసెసరే చూసుకుంటుంది. ఏ వెక్టర్ ఈఓఐ మనకి కావాలో వీఎంసీఎస్‌లోని (ఒక్కో వీసీపీయూని ఎలా నడపాలో ప్రాసెసర్‌కి చెప్పే పట్టిక) ఈఓఐ ఎగ్జిట్ బిట్‌మ్యాప్‌లో చెప్పాలి: 256 వెక్టర్లకి 256 బిట్లు, నాలుగు 64 బిట్ల ఫీల్డులుగా. బిట్ పెట్టి ఉంటే ఎగ్జిట్ (గెస్ట్ ఆగి హైపర్‌వైజర్‌కి పగ్గాలు రావడం) అయి, రీజన్ 45తో మన దగ్గరికి వస్తుంది, లేకపోతే రాదు, అంతే. ఐఓ ఏపిక్ ఎంట్రీ మారినప్పుడల్లా మా కోడ్ ఒక్కో వీసీపీయూకి ఈ బిట్‌మ్యాప్‌ని మళ్ళీ లెక్కగడుతుంది. వీసీపీయూ 0కి లెక్కగట్టినప్పుడు "వెక్టర్ 81 డెస్టినేషన్ నువ్వు కాదు" అని బిట్ తీసేసింది. అప్పటికి 81 దాని ఐఎస్ఆర్‌లోనే ఉంది.

ఇక్కడిదాకా మామూలు బగ్. నా మనసులో ముల్లులా గుచ్చుకున్నది ఆ తర్వాత దొరికింది.

ఆ లెక్కగట్టే ఫంక్షన్‌లో ఒకప్పుడు ఇంకో షరతు ఉండేది: డెస్టినేషన్ సరిపోయినా, లేదా ఆ వెక్టర్ ఈ వీసీపీయూ ఐఆర్ఆర్‌లోనో (వచ్చి ఇంకా మొదలవ్వని ఇంటరప్ట్‌ల రిజిస్టర్, రిమోట్ ఐఆర్ఆర్ బిట్ వేరు) ఐఎస్ఆర్‌లోనో ఇంకా పెండింగ్‌లో ఉన్నా, బిట్ పెట్టు అని. అంటే సరిగ్గా మాకు కావాల్సిందే. గిట్‌లో వెతికితే మధ్యలో ఎవరో దాన్ని తీసేసిన కమిట్ దొరికింది, "అనవసరమైన చెక్ తొలగింపు, అనవసర ఎగ్జిట్‌లు తగ్గుతాయి" అన్న అర్థంలో మెసేజ్. ఎందుకు అనవసరం అనుకున్నారో కూడా రాశారు, పాపం చాలా పద్ధతిగా: అదే ఫైల్‌లో కొంచెం పైన ఉన్న కామెంట్‌ని చూపించారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కామెంట్ సారం ఇది:

"ఈఓఐ రాసిన ప్రతిసారీ ఎగ్జిట్ అవుతుంది. ఇంటరప్ట్‌ని ఏ వీసీపీయూ తీసుకుందన్నది ఇక్కడ ముఖ్యం కాదు."

ఆ షరతుకేమో కామెంటే లేదు. ఒకవైపు ఎందుకుందో చెప్పని సరైన కోడ్, ఇంకోవైపు ధీమాగా మాట్లాడే తప్పు కామెంట్. చదివిన మనిషి కామెంట్‌ని నమ్మాడు. రివ్యూలో ఓకే కొట్టింది నేనే. డిఫ్‌లో మూడు లైన్లు పోవడం చూశాను, పైన కామెంట్ చదివాను, లాజిక్ కుదిరింది అనుకున్నాను. కుదిరింది కూడా, కామెంట్ నిజమైతే.

ఇంతకీ ఆ కామెంట్ రాసినవాళ్ళు తప్పు రాయలేదు. రాసిన రోజున అక్షరాలా నిజం. అప్పుడు మా హైపర్‌వైజర్ ఏపిక్ వర్చువలైజేషన్‌ని వాడేది కాదు, లోకల్ ఏపిక్ పేజీకి గెస్ట్ చేసే ప్రతి రాతా ట్రాప్ అయ్యేది, అంటే ఆగి హైపర్‌వైజర్ దగ్గరికి వచ్చేది, ఎక్స్2 ఏపిక్ అనే కొత్త మోడ్‌లో అయితే ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ ప్రత్యేక రిజిస్టర్) రాత ట్రాప్ అయ్యేది. తర్వాత ఆ ఫీచర్‌ని వేరే ఫైల్‌లో, వేరే మనిషి, చక్కగా జోడించారు. ఆ కమిట్ ఈ ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరం కోడ్‌కి లేదు. ఆ క్షణాన ఈ కామెంట్ అబద్ధమైంది, ఎవరి డిఫ్‌లోనూ కనపడకుండా. "కోడ్ మార్చినప్పుడు పక్కనున్న కామెంట్ కూడా మార్చండి" అని అందరూ చెప్తారు కదా, ఇక్కడ అది ఎందుకూ పనికిరాదు. పక్కన కోడ్ మారలేదు. మారింది ఇంకెక్కడో.

ఇంటరప్ట్ కోడ్‌లో ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే అక్కడి కామెంట్లలో సగం దూరంగా ఉన్నవాటి గురించే మాట్లాడతాయి. ఈ బ్యారియర్ (మెమరీ రాతలు, చదవడాలు వరస తప్పకుండా చూసేది) ఫలానా ఫంక్షన్‌లోని బ్యారియర్‌కి జోడీ, ఈ బిట్‌ని హార్డ్‌వేర్ దించుతుంది, ఈ దారిలోకి వచ్చేసరికి ఫలానా లాక్ పట్టుకునే ఉంటాం. కళ్ళ ముందున్న పది లైన్ల కోడ్ చూసి వీటిలో ఏదీ నిజమో కాదో చెప్పలేం.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదన్నది కూడా చెప్పాలి, ఎవరైనా అడుగుతారు. టెస్ట్ మెషీన్లలో ఆ హార్డ్‌వేర్ ఫీచర్ ఆఫ్ చేసి ఉంది, పాత కారణమేదో, ఎవరికీ గుర్తులేదు. అంటే అక్కడ ఆ కామెంట్ ఇంకా నిజమే! పైగా మా టెస్ట్ గెస్ట్‌లన్నీ లినక్స్. లినక్స్ లెవెల్ ఇంటరప్ట్‌ని ఇంకో సీపీయూకి జరపాలంటే ముందు పిన్ మాస్క్ చేసి, ఈఓఐ రాసి, రిమోట్ ఐఆర్ఆర్ దిగిందో లేదో చూసుకుని అప్పుడు జరుపుతుంది. అంత మర్యాదస్తుడైన గెస్ట్‌తో ఈ రేస్ (రెండు పనులు ఫలానా వరసలో పడితేనే బయటపడే బగ్) ఎప్పటికీ తగలదు. టికెట్ పెట్టినవాళ్ళ గెస్ట్ లినక్స్ కాదు.

ఒక చిన్న ఊరట. ఇదే రేస్ లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎంలోనూ ఉండేది, లెవెల్ ఇంటరప్ట్‌లకి 2017లో సరిచేశారు. అంతకుముందు 2015లో ఎడ్జ్ ఇంటరప్ట్‌లకి (లైన్ మారిన క్షణాన ఒక్కసారి వచ్చేవి) ఇదే రకం ఫిక్స్ వెళ్ళింది, అప్పుడు లెవెల్‌కి ఈ ఇబ్బంది లేదని కమిట్ మెసేజ్‌లో పక్కన పెట్టారు. చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంచెం తేలికగా అనిపించింది.

ఇక సరిచేయడం. తీసేసిన షరతుని తిరిగి పెట్టడం ఐదు నిమిషాల పని. పెట్టాక కూడా ఒక కన్నం మిగిలింది. పోస్టెడ్ ఇంటరప్ట్‌లు (గెస్ట్‌ని ఆపకుండానే ఇంటరప్ట్ అందించే పద్ధతి) వాడేటప్పుడు కొత్తగా వచ్చిన వెక్టర్ ముందు పోస్టెడ్ ఇంటరప్ట్ డిస్క్రిప్టర్‌లోని 256 బిట్ల పీఐఆర్‌లో పడుతుంది, అక్కడి నుంచి ఐఆర్ఆర్‌లోకి తర్వాత కలుస్తుంది. బిట్‌మ్యాప్ లెక్కగట్టే సమయానికి 81 ఇంకా పీఐఆర్‌లోనే ఉంటే మన "పెండింగ్‌లో ఉందా" అన్న ప్రశ్నకి ఐఆర్ఆర్ లేదనే చెప్తుంది. కాబట్టి ముందు పీఐఆర్‌ని ఐఆర్ఆర్‌లోకి దించి, తర్వాతే స్కాన్ చేయాలి. మా కోడ్‌లో అదృష్టవశాత్తు ఆ వరస అలాగే ఉంది, కానీ ఎందుకలా ఉందో ఎక్కడా రాసి లేదు, ఆ రెండు లైన్లనీ అటూ ఇటూ మార్చినా కంపైలర్ నోరెత్తదు, టెస్టులు పాసవుతాయి. అంటే ఇంకో మూడు లైన్ల కమిట్ కోసం ఎదురుచూస్తున్న ఇంకో బగ్.

పాత కామెంట్ తీసేసి ఆ షరతు పైన ఇప్పుడున్నది, తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"ఎంట్రీ డెస్టినేషన్ మారినా, పాత వీసీపీయూలో ఈ వెక్టర్ ఇంకా ఐఆర్ఆర్ లేదా ఐఎస్ఆర్‌లో ఉంటే దాని ఈఓఐ మనకి రావాలి. రాకపోతే రిమోట్ ఐఆర్ఆర్ 1 దగ్గర ఇరుక్కుని ఆ పిన్ ఆగిపోతుంది. ఈఓఐ వర్చువలైజేషన్ ఆన్‌లో ఉన్నప్పుడే ఇది అవసరం, లేనప్పుడు అన్ని ఈఓఐలూ ఎలాగూ ట్రాప్ అవుతాయి. పీఐఆర్ సింక్ అయ్యాకే ఇక్కడికి రావాలి. ఈ వెక్టర్‌ని ఐఓ ఏపిక్‌తో సంబంధం లేనిది ఏదైనా వాడుకుంటే కొన్ని ఎగ్జిట్‌లు దండగ, తెలిసే ఒప్పుకున్నాం."

ఆఖరి వాక్యం కోసం టీమ్‌లో చిన్న గొడవే అయింది, అంత పొడుగెందుకని. నేను పట్టుబట్టాను, ఎందుకంటే పోయినసారి దీన్ని తీసేసింది ఎగ్జిట్‌లు తగ్గించడానికే. మళ్ళీ ఎవరో ప్రొఫైల్ చూసి అదే ఆలోచనతో వస్తారు, వచ్చినప్పుడు ఆ ఖర్చు మనకి తెలుసని అక్కడే కనపడాలి.

పాత కామెంట్‌కీ దీనికీ తేడా పొడుగు వల్ల రాలేదు. పాతది ఒక వాస్తవాన్ని చెప్పి ఊరుకుంది, అది ఏ పరిస్థితిలో నిజమో చెప్పలేదు. "ఏపిక్ పేజీ రాతలన్నీ ట్రాప్ అవుతున్నాయి కాబట్టి" అన్న నాలుగు ముక్కలు అందులో ఉండుంటే, ఆ ఫీచర్ జోడించినవాళ్ళు "ట్రాప్" అని వెతికినప్పుడు ఇది తగిలి ఉండేది.

కామెంట్ ఎంత బాగా రాసినా మళ్ళీ పాతబడుతుంది కదా, అందుకని డీబగ్ బిల్డ్‌లో ఒక అసర్షన్ (షరతు తప్పితే అక్కడే ఆపేసే చెక్) కూడా పెట్టాం. బిట్‌మ్యాప్ లెక్కగట్టిన ప్రతిసారీ: ఐఆర్ఆర్ లేదా ఐఎస్ఆర్‌లో ఉండి, టీఎంఆర్‌లో లెవెల్ అని గుర్తున్న ప్రతి వెక్టర్‌కీ బిట్‌మ్యాప్‌లో బిట్ ఉండాలి. ఈ మూడూ ఒక్కోటి ఎనిమిది 32 బిట్ల రిజిస్టర్లు, ఎనిమిది తిరుగుళ్ళ లూప్, అంతే ఖర్చు. తీసేసిన షరతుని మళ్ళీ తీసేసి, హ్యాండ్లర్‌లో డెస్టినేషన్ మార్చే చిన్న గెస్ట్ ఒకటి రాసి నడిపితే వెంటనే ఆగింది. ఆ చిన్న గెస్ట్ ఇప్పుడు టెస్టుల్లో ఉంది. టెస్ట్ మెషీన్లలో ఆ ఫీచర్ కూడా ఆన్ చేయించాం, దానికి పట్టిన టైమ్ గురించి మాట్లాడను.

ఆ తర్వాత ఇంటరప్ట్ డైరెక్టరీ మొత్తం కూర్చుని కామెంట్లు చదివాం, ఇద్దరం, రోజుకో గంట. బోరింగ్ పని, దాచడం దేనికి. కోడ్ చెప్పేదాన్నే మళ్ళీ చెప్పేవి, "పెండింగ్ బిట్ పెడుతున్నాం" లాంటివి, ఆలోచించకుండా కొట్టేశాం. "లాక్ పట్టుకుని పిలవాలి" అన్నవన్నీ లాక్ పట్టుకుందో లేదో చూసే అసర్షన్లుగా మార్చాం, లినక్స్ కెర్నల్‌లో లాక్‌డెప్‌తో చేసే పనే. అలా మార్చిన వాటిలో రెండు మొదటి రన్‌లోనే పేలాయి, అంటే ఆ కామెంట్లు ఎప్పటి నుంచో అబద్ధం చెబుతున్నాయి. ఒకచోట లాక్ నిజంగా లేదు. ఇంకోచోట లాక్ అక్కర్లేదు, ఎప్పుడో డిజైన్ మారింది. ఇంటెల్ మాన్యువల్ చాప్టర్ నంబర్లు చెప్పే కామెంట్లు కూడా తిరగరాశాం, ఎడిషన్ మారితే నంబర్లు జరిగిపోతాయి, సెక్షన్ పేరు రాస్తే వెతికితే దొరుకుతుంది.

బ్యారియర్ల దగ్గర ఇంత సులువు కాలేదు. వీసీపీయూ గెస్ట్ మోడ్‌లోకి వెళ్ళేముందు "నేను గెస్ట్‌లో ఉన్నాను" అని మోడ్ రాసి, ఆ తర్వాతే పోస్టెడ్ డిస్క్రిప్టర్‌లోని ఓఎన్ బిట్ (కొత్త ఇంటరప్ట్ ఉందన్న గుర్తు) చూడాలి. అవతల ఇంటరప్ట్ పంపేవాళ్ళు ముందు ఓఎన్ పెట్టి, తర్వాత మోడ్ చూడాలి. ఈ రెండిట్లో ఏ ఒక్క వైపు వరస తప్పినా ఎప్పుడో ఒకసారి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా దాటిపోతారు, ఇంటరప్ట్ మధ్యలో వేలాడుతుంది. దీనికి అసర్షన్ రాయలేం. కామెంటే దిక్కు. కేవీఎంలో గెస్ట్‌లోకి వెళ్ళే దారిలో దీని మీద నంబర్లు వేసి మరీ వివరంగా కామెంట్ ఉంది, అవతలి ఫంక్షన్ పేరుతో సహా, చదవదగ్గది. లినక్స్‌లో చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ కూడా కామెంట్ లేని బ్యారియర్ కనపడితే హెచ్చరిస్తుంది. కామెంట్ ఉందా లేదా అన్నదే అది చూసేది, నిజమా కాదా అని అడగదు, అడగలేదు కూడా.

మా కోడ్‌లో ఒక జోడీ కామెంట్ అప్పటికే లేని ఫంక్షన్ పేరు చెబుతోంది, ఎప్పుడో దాన్ని రెండుగా విడగొట్టారు. అందుకని ఫంక్షన్ పేర్ల బదులు జోడీకి ఒక ముద్దుపేరు పెట్టి, రెండు చివర్లా అదే పేరు రాయమన్నాం. బిల్డ్‌లో చిన్న స్క్రిప్ట్ ఆ పేర్లన్నీ లెక్కపెడుతుంది, ఏదైనా ఒక్కచోటే కనపడితే బిల్డ్ ఆగుతుంది. మొదటి నెలలోనే ఒకరు బిల్డ్ ఆగిందని చిరాకుపడి ఆ పేరుని ఏదో సంబంధం లేని చోట అతికించి పాస్ చేయించుకున్నారు. రివ్యూలో దొరికింది. స్క్రిప్ట్‌ని ఇంకా తెలివైనదిగా చేద్దామా అంటే వద్దన్నాను, అది చేయాల్సింది మనిషిని రెండో చివర దాకా నడిపించడం ఒక్కటే.

పనిచేయనివి కూడా చెప్తాను. రివ్యూ టెంప్లేట్‌లో "కామెంట్లు అప్‌డేట్ చేశారా" అని ఒక టిక్ బాక్స్ పెట్టాం. అందరూ టిక్ పెట్టారు, నేను కూడా, చదవకుండానే. రెండు వారాల్లో తీసేశాం. డిఫ్‌ని చదివి కామెంట్‌కీ కోడ్‌కీ పొంతన చూసే ఏఐ టూల్ ఒకటి వాడి చూశాం, అదే ఫంక్షన్‌లో తేడాలుంటే బాగానే పట్టింది, కానీ మా అసలు కేసుని ఆ ఫీచర్ జోడించిన పాత కమిట్ మీద నడిపితే ఏమీ అనలేదు. అబద్ధమైన కామెంట్ ఆ డిఫ్‌లో లేదు కదా, అది మాత్రం ఏం చూస్తుంది. ఇప్పుడు అలాంటి హార్డ్‌వేర్ ఫీచర్ ఏదైనా ఆన్ చేసే ముందు మేం చేసేది మోటు పని: దానివల్ల ఏ ట్రాప్‌లు ఆగిపోతాయో ఒక చీటీ రాసుకుని, ట్రీ మొత్తంలో ఆ మాటల కోసం కామెంట్లు వెతకడం. ఒక పూట పడుతుంది.

పాత 8259 పిక్ (ఏపిక్‌కి ముందటి ఇంటరప్ట్ కంట్రోలర్) ఎమ్యులేషన్ ఫైల్ ఇంకా చదవలేదు. అందులో ఒకచోట "ఇక్కడికి రావడం అసాధ్యం" అని కామెంట్, దాని కింద వస్తే ఏం చేయాలో పన్నెండు లైన్ల కోడ్ ఉన్నాయి. ఏది నిజమో ఇద్దరికీ అర్థం కాలేదు. ప్రస్తుతానికి ఆ దారిలోకి వస్తే డీబగ్ బిల్డ్ ఆగేలా ఒక లైన్ పెట్టి, కామెంట్‌ని, కోడ్‌ని రెండిటినీ అలాగే వదిలేశాం. ఇప్పటివరకు ఆగలేదు.